పొద్దున్నే మొరాయించే పాత డీజిల్ పికప్

(పాత డీజిల్ బండ్లు నడిపేవారికి, మెకానిక్ పని నేర్చుకుంటున్నవారికి చేసిన ప్రసంగం. మాటల్లో చెప్పినది చెప్పినట్టే రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

పాత డీజిల్ పికప్ అంటే నా లెక్కలో కంప్యూటర్ పెత్తనం లేని బండి. మెకానికల్ ఇంజెక్షన్ పంపు (సిలిండర్లకు డీజిల్ నెట్టేది), గ్లో ప్లగ్గులు (స్టార్టింగ్‌కి ముందు కరెంటుతో లోపల వేడి పుట్టించే కడ్డీలు), లైన్లోకి డీజిల్ ఎక్కించడానికి చేత్తో నొక్కే ప్రైమర్ ఉన్నవి. కామన్ రైల్ బండ్ల దారి వేరు, వాటిలో డీజిల్‌ని ఒకే గొట్టంలో ఒత్తిడితో నిలిపి కంప్యూటరు వదులుతుంది. వాటికి స్కానర్ పెట్టి రైల్ ప్రెజర్ చూడాలి, ఇవాళ వాటి జోలికి పోను.

అందరూ చెప్పే మాట దాదాపు ఒకటే. "రోజంతా బాగానే ఉంటుందండీ. మధ్యాహ్నం ఆపి మళ్ళీ తాళం తిప్పితే చాలు, పలికేస్తుంది. పొద్దున్నే చలికి మాత్రం సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ దిగిపోతోంది." చెప్పేవాళ్ళు నిజమే చెబుతారు. చిక్కల్లా ఎక్కడంటే, ఎలాగో ఒకలా స్టార్ట్ చేసుకుని బండిని మన దగ్గరికి తెచ్చేసరికి ఇంజను వేడెక్కి ఉంటుంది. మనం తాళం తిప్పితే టక్కున అందుకుంటుంది. ఇక ఊహ మీద పడతాం. ముందు బ్యాటరీ మారుస్తాం, తర్వాత గ్లో ప్లగ్గులు, ఆ తర్వాత సిలిండర్లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళు. ఒక్కోసారి ఆఖరికి పంపు కూడా దించేస్తాం. డబ్బు ఖర్చవుతుంది, మర్నాడు పొద్దున్న మళ్ళీ అదే కథ.

పూర్తిగా చల్లారిన ఇంజను రోజుకు ఒక్కసారే దొరుకుతుంది. ఒకసారి తిప్పాక అది చల్లటి ఇంజను కాదు. సిలిండర్ గోడలు కాస్త వేడెక్కుతాయి, పిస్టన్ రింగులకు ఆయిల్ అందుతుంది, పైపుల్లోకి డీజిల్ వచ్చేస్తుంది. రెండోసారి చేసే పరీక్ష ఇంకో ఇంజను మీద చేసినట్టే. అందుకే ఈ పనిలో తొందరపడేవాడికన్నా ముందు రోజు సాయంత్రమే సిద్ధం చేసుకునేవాడికి జవాబు ముందు దొరుకుతుంది. ఒక పొద్దున ఒక్క మార్పే చెయ్యాలి. ప్లగ్గులూ ఫిల్టరూ కలిపి మార్చి "బాగైంది" అంటే, ఏది బాగు చేసిందో మీకు తెలీదు. ఇంకో ఏడాదికి అదే జబ్బు వస్తే మళ్ళీ మొదటికొస్తారు.

అసలు చలికి ఎందుకు మొరాయిస్తుందో రెండు ముక్కల్లో చెప్తాను. డీజిల్ ఇంజనులో స్పార్క్ ఉండదు. గాలిని నొక్కితే వచ్చే వేడికే డీజిల్ అంటుకోవాలి. సైకిల్‌కి గాలి కొడుతుంటే పంపు అడుగుభాగం వేడెక్కుతుంది చూడండి, అదే పని ఇక్కడ చాలా గట్టిగా జరుగుతుంది. పాత ప్రీ ఛాంబర్ ఇంజన్లలో, అంటే డీజిల్‌ని ముందు ఒక చిన్న గదిలోకి చిమ్మే ఇంజన్లలో, గాలిని ఇరవయ్యో వంతుకు, కొన్నిట్లో అంతకన్నా తక్కువకి నొక్కేస్తారు. డీజిల్ తనంతట తాను అంటుకోవడానికి సుమారు 210 నుంచి 250 డిగ్రీల సెల్సియస్ ఉంటే చాలు. వేడి ఇంజనులో నొక్కిన గాలి దానికి రెట్టింపు కన్నా ఎక్కువ వేడెక్కుతుంది కాబట్టి అక్కడ ఇబ్బంది రాదు. చల్లటి ఇంజనులో ఆ వేడిని ఇనుప గోడలు లాగేసుకుంటాయి. ఇంజను నెమ్మదిగా తిరిగితే లాగేసుకోవడానికి వాటికి ఇంకా ఎక్కువ సమయం దొరుకుతుంది, రింగుల సందుల్లోంచి గాలి కూడా జారిపోతుంది. ప్రీ ఛాంబర్ గోడల వైశాల్యం ఎక్కువ, అందుకే ఆ ఇంజన్లకు గ్లో ప్లగ్గు ఉండి తీరాలి. నేరుగా సిలిండర్లోకే చిమ్మే ఇంజన్లకు అంత అవసరం ఉండదు. 1989 నుంచి డాడ్జ్ పికప్పుల్లో వచ్చిన 5.9 లీటర్ల కమిన్స్ ఇంజనుకు గ్లో ప్లగ్గులే లేవు. గాలి వచ్చే దారిలో హీటర్ గ్రిడ్ పెట్టారు, అంతే. కాబట్టి మీ బండికి ఏది ఉందో ముందు చూసుకోండి. లేని ప్లగ్గుల కోసం వెతికినవాళ్ళను చూశాను.

ఇప్పుడు పొద్దున్నే చేసే మొదటి పని. సీట్లో ఒకరు, సైలెన్సర్ దగ్గర ఒకరు. ఒంటరిగా ఉంటే ఫోను కెమెరా ఆన్ చేసి పొగగొట్టం వైపు పెట్టండి. సెల్ఫ్ కొట్టిన మొదటి పది సెకన్లలో సగం జవాబు దొరికిపోతుంది.

ఇంజను మామూలు వేగంతో తిరుగుతోంది, పొగ మాత్రం అసలు లేదు. అంటే సిలిండర్లలోకి డీజిల్ చేరడం లేదు. ఇక్కడ గ్లో ప్లగ్గుల గురించి ఆలోచించడం దండగ. అంటించడానికి అక్కడ ఏమీ లేదు కదా.

తెల్ల పొగ దట్టంగా వస్తోంది, పచ్చి డీజిల్ వాసన కళ్ళు మండిస్తోంది. అంటే డీజిల్ చేరుతోంది, అంటుకోవడం లేదు. వేడి చాలడం లేదన్నమాట. గ్లో ప్లగ్గులు, తిరిగే వేగం, పంపు టైమింగ్ (డీజిల్ చిమ్మే సమయం), కంప్రెషన్ (సిలిండర్లో గాలి నొక్కుడు) ఈ దారిలోకి వస్తాయి.

స్టార్టవుతుంది, నాలుగైదు సెకన్లు తిరిగి ఆగిపోతుంది, ఆ తర్వాత ఎంత కొట్టినా రాదు. ఇది నూటికి తొంభై పాళ్ళు డీజిల్ లైన్లోకి గాలి పట్టిన లక్షణం. పంపులో మిగిలి ఉన్న కాస్త డీజిల్‌తో లేచింది, వెనక నుంచి వచ్చింది గాలి.

నల్ల పొగ పొద్దున్నే స్టార్టింగ్ సమస్యతో అంతగా కలిసి రాదు. వస్తే ఎయిర్ ఫిల్టర్ చూడండి, నాజిల్ కారుతోందేమో చూడండి.

తిరిగే వేగం సంగతి. చాలా డీజిళ్ళకు చలిలో నిమిషానికి 150 నుంచి 200 చుట్లు దాకా కావాలి. వందకు దిగితే ఆశ వదులుకోవడమే. చెవితో వినడం అలవాటైనవాళ్ళకు లెక్క అక్కర్లేదు, మిగతావాళ్ళు మల్టీమీటరు తీసుకోండి. రాత్రంతా ఆపి ఉంచిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. సెల్ఫ్ కొడుతుండగా 9.6 కన్నా కిందికి పోకూడదు. సున్నాకు 18 డిగ్రీలు కిందికి దిగిన చలిలో మంచి బ్యాటరీ కూడా సుమారు సగం సత్తువే ఇస్తుందని గుర్తుంచుకోండి. సరిగ్గా అప్పుడే ఇంజను ఆయిల్ చిక్కబడి రెట్టింపు బరువు మీద పడుతుంది.

బ్యాటరీ కొనడానికి పరిగెత్తే ముందు తీగలు చూడండి. మీటరు ఒక కొనను బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, రెండో కొనను ఇంజను బ్లాకు మీద శుభ్రమైన చోట పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.3 వోల్టుల కన్నా ఎక్కువ చూపిస్తే ఎర్త్ తీగ (బ్యాటరీ నెగటివ్‌ని ఇంజనుకు కలిపేది) వోల్టేజీని తినేస్తోంది. పాజిటివ్ పోస్టు నుంచి సెల్ఫ్ మోటర్ బోల్టుకు ఇలాగే చూస్తే అర వోల్టు దాటకూడదు. పాత బండ్లలో ఎర్త్ తీగ పైకి నిగనిగలాడుతుంది, తీగ చివర బిగించే లగ్గు లోపల పచ్చగా తుప్పు పట్టి ఉంటుంది. కొత్త బ్యాటరీ పెట్టినా పాత తీగే కదా, మళ్ళీ అదే నీరసం.

ఆయిల్ గురించి ఒక్క మాట. డబ్బా మీద డబ్ల్యూ ముందు ఉన్న అంకె చలికి సంబంధించింది. 15డబ్ల్యూ ఆయిల్‌ని సున్నాకు 20 డిగ్రీలు కింద తిప్పి చూస్తారు, 10డబ్ల్యూని 25 కింద, 5డబ్ల్యూని 30 కింద. గడ్డకట్టే చలిలో 20డబ్ల్యూ-50 పోసి సెల్ఫ్ మోటర్‌ని తిట్టుకోవడం న్యాయం కాదు.

ఇక గ్లో ప్లగ్గులు. కాస్త ముందుకు రండి, ఈ వైస్‌లో బిగించింది అదే. డాష్‌బోర్డు మీద చుట్టలు చుట్టిన ఆ పసుపు దీపం ఆరిపోయింది కాబట్టి ప్లగ్గులు వేడెక్కాయి అనుకుంటారు చాలామంది. చాలా పాత బండ్లలో ఆ దీపానికి ప్లగ్గుల బాగోగులు తెలీవు, అది కేవలం టైమర్. నాలుగు ప్లగ్గులూ కాలిపోయినా అది బుద్ధిగా వెలిగి ఆరిపోతుంది.

పరీక్ష తేలిక. ప్లగ్గుల తలల్ని కలిపే పట్టీ ఉంటుంది, దాన్ని విప్పేయండి. విప్పకపోతే నాలుగూ కలిసే ఉంటాయి కాబట్టి ఒకటి పోయిందో లేదో తెలీదు. టెస్ట్ లాంపు క్లిప్పు బ్యాటరీ పాజిటివ్‌కి, ములికి ప్లగ్గు తలకి. దీపం వెలిగితే లోపల తీగ తెగలేదు. వెలగకపోతే ప్లగ్గు చచ్చింది. మల్టీమీటరుతో అయితే చల్లగా ఉన్నప్పుడు సాధారణంగా ఒక ఓమ్‌కి కాస్త అటూ ఇటూ. ముందు మీటరు రెండు తీగల్నీ ఒకదానికొకటి తాకించి ఎంత వస్తుందో చూసి తీసెయ్యండి, ఆ 0.2, 0.3 ఓమ్‌ల తేడా ఇక్కడ చాలా పెద్దది. అన్నిటికన్నా నాకు నచ్చేది క్లాంప్ మీటరు, తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచేది. ఒక్కో ప్లగ్గూ మొదట 15, 20 ఆంపియర్ల దాకా లాగి, వేడెక్కిన కొద్దీ దిగుతుంది. అంకె బండిని బట్టి మారుతుంది, కాబట్టి నాలుగిటినీ పక్కపక్కన పోల్చండి. మూడు ఒకలా, ఒకటి వేరుగా ఉంటే దొంగ దొరికినట్టే.

ఇప్పుడు దీనికి కరెంటు ఇస్తున్నాను. చేత్తో మాత్రం ఎవరూ పట్టుకోకండి. చూడండి, ఎరుపు ఎక్కడ మొదలైంది? మొనలో. మొన నుంచి పైకి పాకుతోంది. ఇది మంచి ప్లగ్గు. ఇప్పుడు రెండోది. దీనికీ దీపం పరీక్షలో పాస్ మార్కులే వచ్చాయి. కానీ గమనించండి, మొన నల్లగానే ఉంది, ఎరుపు పైన మర దగ్గర వచ్చింది. వేడి పుట్టింది కానీ డీజిల్ తగలని చోట పుట్టింది. ఇలాంటిది బండిలో ఉంటే మీటరు బాగుందంటుంది, పొద్దున్న తెల్ల పొగ మాత్రం పోదు. అందుకే అనుమానం వస్తే విప్పి కళ్ళతో చూడమంటాను.

ఒక హెచ్చరిక. అన్ని ప్లగ్గులూ 12 వోల్టులవి కావు. కొన్ని టొయోటా డీజిళ్ళతో సహా చాలా ఇంజన్లలో తక్కువ వోల్టేజీ ప్లగ్గులు పెట్టి, ముందు గట్టిగా, తర్వాత నెమ్మదిగా కరెంటు ఇస్తారు. వాటికి నేరుగా బ్యాటరీ తగిలిస్తే కొద్ది సెకన్లలో కాలిపోతాయి. ప్లగ్గు ఒంటి మీద వోల్టేజీ ముద్రించి ఉంటుంది, చదివాకే తీగ తాకించండి.

విప్పేటప్పుడు ఇంజను గోరువెచ్చగా ఉండాలి. ముందు రాత్రి తుప్పు వదిలించే ఆయిల్ చుక్కలు వేసి ఉంచండి. గట్టిగా ఉంటే బలం పెంచకండి, కాస్త విప్పి కాస్త బిగించి, మళ్ళీ విప్పండి. హెడ్డులో ప్లగ్గు విరిగితే హెడ్డు దించే పని పడుతుంది. బయటికి వచ్చిన మొన కరిగినట్టుంటే తప్పు ప్లగ్గుది కాకపోవచ్చు, ఆ సిలిండర్ నాజిల్ సరిగ్గా చిమ్మకుండా ధార కడుతోందేమో చూడాలి. కొత్తది పెట్టినా అదే గతి పడుతుంది లేకపోతే.

ప్లగ్గులన్నీ బాగున్నాయి, అయినా వేడి లేదు. అప్పుడు ప్లగ్గులకు కరెంటు కలిపే స్విచ్చు, రిలే. అది టక్‌మంటుంది, లోపల కాంటాక్టులు కాలి ఉంటాయి. చప్పుడు విని నమ్మకండి. తాళం తిప్పి పట్టీ మీద వోల్టేజీ కొలవండి. బ్యాటరీ దగ్గర 12 ఉండి పట్టీ దగ్గర 9 ఉంటే మూడు వోల్టులే కదా అనిపిస్తుంది. ప్లగ్గులో పుట్టే వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది, లెక్కేస్తే దాదాపు సగానికి పడిపోతుంది.

టీకి లేచే ముందు గాలి సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే నా దృష్టిలో జనం ఎక్కువగా డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. గాలి పట్టిన బండికి పంపు పోయిందని చెప్పి పంపు దించేస్తారు.

చాలా పాత పికప్పుల్లో, ముఖ్యంగా బాష్ వీఈ రకం పంపు ఉన్నవాటిలో, ట్యాంకు దగ్గర వేరే పంపు ఉండదు. ఇంజెక్షన్ పంపే డీజిల్‌ని అంత దూరం నుంచి పీల్చుకుంటుంది. పీల్చే గొట్టానికి సన్నటి చీలిక ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే కింద మరక కోసం వెతికి "ఎక్కడా లీకు లేదండీ" అంటారు. ఇంజను తిరుగుతున్నప్పుడు పంపు ఆ కాస్త గాలినీ మింగి నెట్టుకొస్తుంది. రాత్రి బండి ఆపాక ఆ చీలికలోంచి గాలి దూరి, గొట్టంలోని డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. చలితో దీనికి సంబంధం కొంతే, గంటల తరబడి ఆగి ఉండటంతోనే ఎక్కువ. ఎండాకాలం కూడా పొద్దున్నే ఇబ్బంది పెడుతోందా అని అడగండి. అవునంటే ముందు ఇటే చూడండి.

రుజువు చేయడానికి ఖర్చు లేదు. పొద్దున్నే సెల్ఫ్ ముట్టకుండా ఫిల్టర్ మీది ప్రైమర్ నొక్కండి. ఒకటి రెండు నొక్కులకే గట్టిపడితే లైను నిండుగా ఉంది. పది నొక్కులు మెత్తగా దిగుతూ పోతే డీజిల్ వెనక్కి పోయింది. గట్టిపడేదాకా కొట్టి సెల్ఫ్ ఇవ్వండి, మామూలుగా లేస్తే సందేహం తీరింది. వాలు దొరికితే ఇంకో పద్ధతి ఉంది: రాత్రి బండి ముక్కు పల్లానికి, వెనక ట్యాంకు ఎత్తుకి ఉండేలా ఆపండి, హ్యాండ్ బ్రేకు వేసి చక్రాలకు అడ్డు పెట్టి. ఆ పొద్దున బాగా స్టార్టయి, చదును నేల మీద ఆపిన పొద్దున మొరాయిస్తే ఇంకేం కావాలి.

చోటు కనిపెట్టడానికి ఈ పారదర్శకమైన గొట్టం ముక్క వాడతాను. డీజిల్‌కి తట్టుకునేదై ఉండాలి. ఫిల్టరుకీ పంపుకీ మధ్య తాత్కాలికంగా బిగించండి. ఇంజను తిరుగుతుంటే ఆవగింజంత బుడగలు వరసగా పోతుంటే గాలి ఫిల్టరు దగ్గర్నుంచో, దాని అవతలి నుంచో వస్తోంది. అక్కడి నుంచి ట్యాంకు వైపు ఒక్కో జాయింటూ దాటిస్తూ వెళ్ళాలి. ప్రైమర్ లోపలి రబ్బరు పొర, ఫిల్టర్ అడుగున నీళ్ళు వదిలే మర దగ్గరి ఓ-రింగు, ట్యాంకు మీది తుప్పు పట్టిన పైపు, ఇవి మొదట చూడాల్సినవి. నాజిళ్ళ మధ్య వేసే పొట్టి రిటర్న్ గొట్టాలను మర్చిపోతారు. వేలితో వంచి చూడండి, పగుళ్ళు కనిపిస్తే మొత్తం సెట్టు మార్చేయండి. అవి ఖరీదైనవేం కావు.

ఫిల్టరుకి ముందూ వెనకా ఏదీ తేలకపోతే ఒక చిన్న డబ్బాలో శుభ్రమైన డీజిల్ పోసి, పంపు కన్నా ఎత్తులో వేలాడదీసి, నేరుగా పంపు మూతికి కలిపి రాత్రంతా ఉంచండి. పొద్దున్న లేస్తే పంపు నిర్దోషి. లేవకపోతే, పొగ కూడా లేకపోతే, పంపు మీది స్టాప్ సొలినాయిడ్‌కి (కరెంటు అందితేనే డీజిల్ దారి తెరిచే కవాటానికి) కరెంటు వస్తోందో లేదో చూడండి. తాళం తిప్పగానే టిక్ అనాలి. అంత చిన్న వస్తువు కోసం పంపు ఓవర్‌హాల్ చేయించుకున్నవాళ్ళు ఉన్నారు.

డీజిల్ గడ్డకట్టడం కూడా ఉంది. చలికి డీజిల్‌లోని మైనం పలుకులు కట్టి ఫిల్టర్‌ని మూసేస్తుంది. చలి దేశాల్లో శీతాకాలపు డీజిల్ వేరుగా అమ్మేది అందుకే. యూరప్ ప్రమాణం ఈఎన్ 590లో చలిని తట్టుకునే తరగతులున్నాయి. వేసవిలో నింపిన ట్యాంకుతోనే చలికాలంలోకి వచ్చేస్తే ఇది ఎదురవుతుంది. మైనం పట్టకుండా వేసే మందు, డీజిల్ మైనంతో మబ్బుగా మారక ముందే కలపాలి, మారాక పోస్తే ఆ మైనం కరగదు.

కొన్ని పంపులకు చలిలో టైమింగ్‌ని ముందుకు జరిపే ఏర్పాటు ఉంటుంది. లోపల వేడికి వ్యాకోచించే మైనం గుండు ఉన్నదో, డాష్‌బోర్డు దగ్గర లాగే కేబులో. ఆ కేబులు తెగి ఏళ్ళయినా పట్టించుకోరు. కంప్రెషన్ చివరి మాట. మంచి డీజిల్ ఇంజనులో 25 బార్ (ఒత్తిడి కొలత) పైన ఉండాలి, 20కి దిగి, సిలిండర్ల మధ్య తేడా నాలుగైదు బార్లు దాటితే బోరు పని దగ్గరపడింది. ట్యాపెట్ క్లియరెన్స్ (వాల్వు పూర్తిగా మూసుకోవడానికి వదిలే సందు) మరీ బిగుసుకుపోయినా కంప్రెషన్ తగ్గుతుంది, రింగులను తిట్టే ముందు అది సరిచూడండి.

ప్రశ్నలుంటే అడగండి.

ఈథర్ స్ప్రే కొట్టవచ్చా అంటున్నారు. గ్లో ప్లగ్గులో, హీటర్ గ్రిడ్డో ఉన్న ఇంజనులో వద్దే వద్దు. వేడి మొన తగలగానే పిస్టన్ పైకి రాకముందే అంటుకుంటుంది. రింగులు పట్టే గట్లు విరిగిపోతాయి, ఇన్‌టేక్‌లో మంట కూడా రావచ్చు. అలవాటు పడిన ఇంజను అది లేకుండా లేవదని చెబుతారు. నిజానికి అలవాటు పడేది మనం, ఆ లోపల జబ్బు ముదురుతూ ఉంటుంది.

వేడి నీళ్ళా? ఫిల్టర్ మీద వెచ్చటి గుడ్డ చుట్టండి, పర్లేదు. పంపు మీద మాత్రం పోయకండి. లోపలి భాగాల మధ్య సందులు వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నవి. ఒకవైపు గబుక్కున వ్యాకోచిస్తే పట్టేస్తుంది.

ఆ మూల నుంచి అమ్మాయి అడుగుతోంది, కాస్త గట్టిగా చెప్పమ్మా. పొద్దున్నే స్టార్టవుతుంది కానీ ఒక నిమిషం మూడు సిలిండర్లే కొడతాయి, ఊగిపోతుంది, తెల్ల పొగ, తర్వాత సర్దుకుంటుంది. మంచి ప్రశ్న. ఏ సిలిండరో ముందు తేల్చు. ఆ ఊగే నిమిషంలోనే నాజిల్ పైపు నట్లు ఒక్కొక్కటీ కొద్దిగా వదులు చేసి మళ్ళీ బిగించు. కళ్ళద్దాలు పెట్టుకో, ఆ ధారకు చెయ్యి అడ్డం పెట్టకు, చర్మంలోకి దూరిపోతుంది. ఏది వదులు చేస్తే ఇంజను చప్పుడు మారలేదో అదే పని చేయనిది. సాయంత్రం దాని గ్లో ప్లగ్గునీ పక్క సిలిండర్ ప్లగ్గునీ అటూ ఇటూ మార్చిపెట్టు, ఇంకేమీ ముట్టకు. మర్నాడు జబ్బు పక్క సిలిండర్‌కి వెళ్తే ప్లగ్గు. వెళ్ళకపోతే ఆ సాయంత్రం నాజిళ్ళు మార్చి చూడు, కింది వాషర్లు కొత్తవి వేసుకుని. దానికీ కదలకపోతే కంప్రెషన్ గేజ్ తీయాలి. గేజ్ ఈ టేబుల్ మీదే ఉంది, టీ తాగి వచ్చాక దాన్ని ఎలా బిగించాలో ఆ ఇంజను మీద చూపిస్తాను.